కరెంటు పెట్టిన చర్మం: ఏ దశలో ఏ మందు, ఏ కట్టు

రేడియేషన్ విభాగం బయట బెంచీ మీద కూర్చున్నవారి చేతి సంచిలో చాలాసార్లు నాలుగైదు రకాల మందులు కనిపిస్తాయి. ఒక ట్యూబు డాక్టరు రాసినది, ఒకటి పక్క బెంచీవారు చెప్పినది, ఒకటి మందుల దుకాణంలో "కాలిన పుండ్లకు బాగా పనిచేస్తుంది" అని చేతిలో పెట్టినది. వాటికి తోడు చూడటానికి వచ్చిన బంధువులు తెచ్చిన కలబంద గుజ్జు, పసుపు మాత్రలు, విటమిన్ ఇ గుళికలు ఉంటాయి. వీటిలో ఏది వాడాలో, ఏది పక్కన పెట్టాలో తేలక కొందరు అన్నీ పూస్తారు, కొందరు భయపడి సబ్బు కూడా ముట్టుకోరు.

ఈ తికమకకు మన మాట కూడా కొంత కారణం. రేడియేషన్ చికిత్సను మనం "కరెంటు పెట్టడం" అంటాం. ఆ మాట వినగానే కాలిన గాయం మనసులో మెదులుతుంది, కాలిన గాయానికి చేసేవన్నీ దీనికీ చేయాలనిపిస్తుంది. కానీ వేడి ఒక్కసారి తాకి వెళ్లిపోతుంది, ఇది రోజూ కొద్దికొద్దిగా వారాల తరబడి చర్మంలోకి దిగుతుంది. పైగా చికిత్స సాగుతున్నప్పుడు కమిలిన చర్మం, పొర ఊడి రసి కారే చర్మం, ఏళ్ల తర్వాత చెక్కలా గట్టిపడిన చర్మం అనేవి మూడు వేర్వేరు సమస్యలు. ఒకదానికి పనికొచ్చే మందు మరొకదానికి పనికిరాకపోవచ్చు, కీడు కూడా చేయవచ్చు. అందుకే ఈ పోలికను మందుల పేర్ల ప్రకారం కాక దశల ప్రకారం చేస్తున్నాను.

## చర్మం లోపల జరిగేది

రొమ్ము క్యాన్సర్‌కు పాత పద్ధతిలో రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) చొప్పున 25 రోజుల్లో 50 గ్రే ఇచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల 15 రోజుల్లో 40 గ్రేతో ముగిస్తున్నారు. తల, మెడ క్యాన్సర్లకు 33 నుంచి 35 రోజుల్లో 66 నుంచి 70 గ్రే వరకు వెళ్తుంది. ఈ కిరణాలు కణంలోని నీటి అణువులను చీల్చినప్పుడు హైడ్రాక్సిల్ అనే స్వేచ్ఛా రాడికల్, అంటే పక్కనున్నదాన్ని వెంటనే దెబ్బతీసే అస్థిరమైన అణువు ముక్క, పుడుతుంది. ఎక్స్ కిరణాల వల్ల డీఎన్ఏకు జరిగే దెబ్బలో దాదాపు మూడింట రెండు వంతులు దీని పనే. దీని ఆయుష్షు నానోసెకన్లలో ఉంటుంది, అంటే రోగి బల్ల మీద నుంచి దిగేసరికి ఆ రాడికల్ ఎప్పుడో మాయమై ఉంటుంది. ఇంటికి వెళ్లి పూసుకునే ఏ యాంటీఆక్సిడెంట్ (రాడికల్స్‌ను అణచే పదార్థం) క్రీమూ దాన్ని పట్టుకోలేదు.

అయితే కథ అక్కడితో ఆగదు. దెబ్బతిన్న కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, కణపొరల్లోని ఆక్సిడేజ్ ఎంజైములు ఆ తర్వాత రోజులు, నెలల పాటు సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి పదార్థాలను అతిగా తయారుచేస్తూనే ఉంటాయి. వాటిని అదుపులో పెట్టే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్, గ్లుటాథయోన్ వ్యవస్థ ఆ పోటీలో వెనకబడటాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. ఈ రెండో అల వాపును రగిలిస్తుంది, టీజీఎఫ్ బీటా అనే సంకేతాన్ని మేల్కొలుపుతుంది, చివరికి చర్మం కింద నారపోగులు పేరుకునేలా చేస్తుంది. మామూలు గాయం మానడానికి కూడా ఇవే ఆక్సీకరణ పదార్థాలు కొద్ది మోతాదులో కావాలి. తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములను చంపేది వీటితోనే, కొత్త రక్తనాళాలకు పిలుపు వెళ్లేది కూడా కొంతవరకు వీటి ద్వారానే. అందువల్ల వీటిని పూర్తిగా అణచివేస్తే గాయం త్వరగా మానుతుందనుకోవడం సరికాదు.

చర్మపు అడుగు పొరలో పుట్టిన కణం పైకి చేరడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. అడుగున పుట్టుక ఆగిన సంగతి పైన తెలిసేది అందుకే ఆలస్యంగా. రెండో, మూడో వారంలో రంగు మారుతుంది, తర్వాత పొట్టు రాలుతుంది, చికిత్స ముగిసిన ఒకటి రెండు వారాలకు బాధ పతాక స్థాయికి చేరుతుంది. 1901లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త హెన్రీ బెకరెల్ జేబులో రేడియం గొట్టం పెట్టుకుని తిరిగినప్పుడు కూడా చర్మం వెంటనే ఏమీ చెప్పలేదు, కొన్ని రోజుల తర్వాతే కమిలి పుండైంది. "కరెంటు అయిపోయాక ఎక్కువైందేమిటి" అని కంగారుపడే ఇళ్లలో ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది.

మరో సంగతి. ఈ గాయాన్ని కొలిచే ప్రమాణాలు ఎరుపుదనం మీద కట్టినవి. చామనఛాయ, నలుపు రంగు చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు, నల్లబడటం, మెరుపు, బిగువు, వేడి, దురద కనిపిస్తాయి. "ఇంకా ఎర్రబడలేదు కదా" అని వాయిదా వేసే పద్ధతి మనవారి విషయంలో చెల్లదు.

## ఎంపికకు ముందు చూడవలసినవి

మొదటి ప్రశ్న కాలానికి సంబంధించినది: చికిత్స ఇంకా సాగుతోందా, ముగిసిందా, ముగిసి నెలలు గడిచాయా. రెండోది చర్మం స్థితి: పైపొర చెక్కు చెదరకుండా ఉందా, ఊడిందా. మూడోది నా దృష్టిలో అన్నింటికన్నా బరువైనది, తరచుగా మరిచిపోయేది: ఎంచుకున్న మందు చర్మాన్ని కాపాడుతూ కణితిని కూడా కాపాడే ప్రమాదం ఉందా. క్యాన్సర్ కణాన్ని కిరణాలు చంపేది కూడా ఆ రాడికల్స్ సాయంతోనే కనుక, నోటి ద్వారా మింగి ఒళ్లంతా పాకే యాంటీఆక్సిడెంటుకూ, చర్మం పైన మాత్రమే ఉండే పూతకూ మధ్య తేడా చాలా పెద్దది. నాలుగోది రుజువు: మనుషుల మీద, పోల్చి చూసే పరీక్షలో నిలిచిందా, లేక ప్రయోగశాల గిన్నెలో మాత్రమే పనిచేసిందా. ఖర్చు, చెమట, బట్టల మరక, ఆసుపత్రికి దూరం వంటివి చివరివి అయినా చిన్నవి కావు. వాడలేని మందు ఎంత గొప్పదైనా ప్రయోజనం సున్నా.

## మొదటి దశ: చికిత్స సాగుతుండగా, చర్మం తెగకముందు

ముందుగా ఖర్చు లేనిది. గోరువెచ్చని నీరు, ఘాటు లేని సబ్బుతో రోజూ కడగడం వల్ల హాని లేదని పోలిక పరీక్షల్లో తేలింది. కడగకపోతేనే చెమట, జిడ్డు, క్రిములు పేరుకుంటాయి. చర్మం మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఈ గాయాన్ని పెంచుతుందన్న ఆలోచన ఇటీవల బలపడింది. 2023లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరీక్షలో 77 మంది పాల్గొన్నారు. ముక్కులో మ్యుపిరోసిన్ అనే యాంటీబయాటిక్ పూత, ఒంటికి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రవం విడతలవారీగా వాడినవారిలో ఒక్కరికీ రసి కారే దశ రాలేదు, వాడనివారిలో దాదాపు నాలుగో వంతుకు వచ్చింది. పరీక్ష చిన్నదే, కానీ ఈ మందులు చవకైనవి, సులభంగా దొరికేవి కాబట్టి డాక్టరును తప్పక అడగవలసిన విషయం.

తర్వాతిది స్టెరాయిడ్ పూత. "స్టెరాయిడ్ అంటే చర్మం పలచబడుతుంది" అనే భయంతో చాలామంది దీన్ని వద్దంటారు. నెలల తరబడి ముఖానికి రాసుకునేవారి విషయంలో ఆ భయం న్యాయమైనదే. కానీ కొన్ని వారాల పాటు, తెగని చర్మం మీద, పలుచగా రాసే మొమెటాసోన్ లేదా బీటామెథాసోన్‌కు ఈ దశలో గట్టి రుజువులున్నాయి. రొమ్ము తొలగించిన తర్వాత ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారిలో మొమెటాసోన్ వాడితే రసి కారే దశకు చేరినవారు 43.8 శాతం, మామూలు తేమ క్రీమ్ వాడితే 66.7 శాతం. ఇది రెండో అలలోని వాపును తగ్గిస్తుంది, రాడికల్స్ జోలికి నేరుగా పోదు, కణితి దాకా చేరేంత మోతాదులో ఒంట్లోకి ఇంకదు. నొప్పి మొదలయ్యాక కాదు, మొదటి రోజు నుంచే మొదలుపెట్టి చికిత్స ముగిసిన ఒకటి రెండు వారాల దాకా వాడాలి.

ఇక్కడ మన దుకాణాల సంగతి ఒకటి చెప్పాలి. బీటామెథాసోన్ పేరుతోనే అమ్మే ట్యూబుల్లో పేరు చివర ఎన్, సి, జిఎం వంటి అక్షరాలున్నవి ఉంటాయి. ఆ అక్షరాలకు అర్థం అందులో యాంటీబయాటిక్ లేదా ఫంగస్ మందు కలిపారని. నియోమైసిన్ కలిసిన ట్యూబు కొందరికి ఎలర్జీ తెస్తుంది, అప్పుడు వచ్చిన దద్దురు రేడియేషన్‌దో మందుదో తెలియక అందరూ ఇబ్బంది పడతారు. చీటీలో ఒట్టి పేరు ఉంటే, ఒట్టి పేరున్న ట్యూబే తీసుకోవాలి.

మూడోది సిలికోన్ పొర. మెపిటెల్ ఫిల్మ్ అనే పలుచని పారదర్శక పొరను మొదటి రోజునే చర్మం మీద అంటిస్తారు, చికిత్స దాని మీదుగానే సాగుతుంది, వారం రెండు వారాలకు మారుస్తారు. ఇందులో మందేమీ లేదు. బట్ట రాపిడి, చర్మం చర్మం ఒరుసుకోవడం, గోటి గీరు వంటి చిన్న దెబ్బలను ఆపడమే దీని పని. 2023లో వెలువడిన కెనడా పరీక్షలో 376 మందిని చూశారు. మోస్తరు లేదా తీవ్ర స్థాయి చర్మ గాయం పొర అంటించినవారిలో 15.5 శాతానికి, మామూలు సంరక్షణలో ఉన్నవారిలో 45.6 శాతానికి వచ్చింది. ఆక్సీకరణ ఒత్తిడి గురించి ఇంత చర్చ జరిగాక, అన్నింటికన్నా బలమైన ఫలితం రాపిడిని ఆపిన ఒక ప్లాస్టిక్ పొరకు దక్కడం విచిత్రంగా అనిపించవచ్చు. అడుగున కణాల పుట్టుక మందగించినప్పుడు, పైన ఉన్న నాలుగు కణాలను రాలిపోనివ్వకపోవడమే పెద్ద సాయమన్నది దాని వెనక ఉన్న తర్కం.

దీని ఇబ్బందులూ చిన్నవి కావు. దిగుమతి సరుకు, ఖరీదు. అంటించడం తెలిసిన నర్సు కావాలి. మే నెలలో, ఏసీ లేని ఇంట్లో, చంక మడతలో ఇది ఎంత సేపు నిలుస్తుందన్నది ఆలోచించవలసిన ప్రశ్న. గడ్డం ఉన్న మగవారి మెడ మీద కూడా సరిగా అంటదు.

నాలుగోది తక్కువ శక్తి లేజర్ కాంతి, ఫోటోబయోమాడ్యులేషన్ అంటారు. బెల్జియంలో జరిగిన పరీక్షలో వారానికి రెండుసార్లు ఈ కాంతి ఇచ్చినప్పుడు తీవ్రమైన చర్మ గాయం 30 శాతం నుంచి 7 శాతానికి తగ్గింది. ఇది మైటోకాండ్రియా మీద పనిచేస్తుందని భావిస్తారు కనుక ఆక్సీకరణ చర్చకు సూటిగా సంబంధించిన పద్ధతి ఇదే. ఆ యంత్రం, అది నడిపేవారు ఉన్న ఆసుపత్రిలోనే మీ రేడియేషన్ కూడా జరుగుతుంటే తీసుకోవడం మంచిదే. దీని కోసమే వారానికి రెండుసార్లు వేరే ఊరు వెళ్లిరావలసి వస్తే ఆ శ్రమకు తగిన లాభం ఉండదని నా అభిప్రాయం.

ఇక అందరూ అడిగే కలబంద, పసుపు, విటమిన్ ఇ.

కలబంద చల్లగా హాయిగా ఉంటుంది, కానీ రేడియేషన్ గాయాన్ని ఆపుతుందని పోలిక పరీక్షల్లో తేలలేదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు నివారణ కోసం దాన్ని వాడవద్దనే సూచించాయి. పెరట్లో కోసి తెచ్చిన మట్ట విషయంలో శుభ్రత, పసుపు పచ్చ పాల మంట అదనపు చిక్కులు. పసుపు కథ మరింత నేర్పుతుంది. 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం 30 మందితో చేసిన పరీక్షలో రోజుకు 6 గ్రాముల కర్క్యుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం) మింగినవారిలో రసి కారే దశ 28.6 శాతం, మింగనివారిలో 87.5 శాతం. వార్త ప్రపంచమంతా పాకింది. అదే బృందం 2018లో 686 మందితో మళ్లీ చూసినప్పుడు ఆ లాభం కనిపించలేదు. మొదటి వార్త చదివినవారిలో ఎంతమంది రెండోది చదివారో ఊహించవచ్చు. కూరలో వేసుకునే పసుపుకు ఏ అడ్డూ లేదు, గ్రాముల లెక్కన మాత్రలు మింగడానికే ఆధారం చాలదు.

విటమిన్ ఇ విషయంలో మాటలు నాన్చకూడదు. కెనడాలోని క్విబెక్‌లో తల, మెడ క్యాన్సర్ రోగులు 540 మందితో చేసిన పరీక్ష 2005లో వెలువడింది. రేడియేషన్ సమయంలో విటమిన్ ఇ, బీటా కెరోటిన్ కలిపి మింగినవారికి తీవ్రమైన దుష్ప్రభావాలు తగ్గాయి, కానీ క్యాన్సర్ తిరగబెట్టే వైపు మొగ్గు కనిపించింది. చర్మానికి మేలు జరుగుతున్నప్పుడే కణితికీ మేలు జరిగే ప్రమాదం ఊహ కాదని చూపినది ఇదే. రేడియేషన్ సాగుతున్నన్నాళ్లూ ఎక్కువ మోతాదు యాంటీఆక్సిడెంట్ మాత్రలు, "ఇమ్యూనిటీ" పొడులు ఆపేయాలని, ఇప్పటికే వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పాలని నేను గట్టిగా అంటాను. పొగతాగేవారు మానకపోతే ఏ పూతా అక్కరకు రాదని కూడా ఇక్కడే చెప్పాలి.

| ఎంపిక | రుజువు బలం | కణితికి రక్షణ భయం | రోజువారీ కష్టం | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| కడగడం, మామూలు తేమ క్రీమ్ | హాని లేదని స్పష్టం | లేదు | చాలా తక్కువ | అందరికీ పునాది |
| మొమెటాసోన్, బీటామెథాసోన్ | బలమైనది | లేదు | తక్కువ, చవక | తెగని చర్మం ఉన్న చాలామందికి |
| సిలికోన్ పొర | రొమ్ము విషయంలో చాలా బలమైనది | లేదు | ఖరీదు, చెమట | ఖర్చు భరించగలవారికి, భారీ రొమ్ము ఉన్నవారికి |
| తక్కువ శక్తి లేజర్ | రొమ్ము విషయంలో మంచిది | చికిత్స బృందం చూసుకోవాలి | కొద్దిచోట్లే దొరుకుతుంది | అదే ఆసుపత్రిలో ఉంటే |
| ఆలివ్ నూనె | మార్గదర్శకాల్లో చోటుంది | లేదు | జిడ్డు, మరక | పొడిబారిన చర్మానికి |
| కలబంద | లాభం తేలలేదు | లేదు | తక్కువ | నివారణకు కాదు |
| కర్క్యుమిన్ మాత్రలు | పెద్ద పరీక్షలో నిలవలేదు | ఆలోచించాలి | మాత్రల భారం | చికిత్స కాలంలో వద్దు |
| విటమిన్ ఇ మాత్రలు | నష్టపు సూచన ఉంది | ఉంది | తక్కువ | చికిత్స కాలంలో వద్దు |

పట్టికలోని ఆలివ్ నూనె చూసి "అయితే మన కొబ్బరి నూనె?" అని అడుగుతారని తెలుసు. ఆ సిఫారసుల్లో ఉన్నది ఆలివ్ నూనె, కొబ్బరి నూనె కాదు. తేమ నిలపడానికి ఇంట్లో ఉన్నది కొద్దిగా రాసుకోవచ్చు, మందులా నమ్ముకోకూడదు.

పూతల గురించి పాత నియమం ఒకటి ఇంకా వినిపిస్తుంది: కరెంటుకు ముందు చర్మం మీద ఏమీ ఉండకూడదు, ఉంటే పై చర్మానికి మోతాదు పెరుగుతుంది. 2018లో ప్రచురితమైన కొలతల ప్రకారం ఒకటి రెండు మిల్లీమీటర్ల పలుచని పూతతో తేడా పెద్దగా ఉండదు, 3 మిల్లీమీటర్లు దాటిన మందపాటి లేపనంతోనే మోతాదు పెరుగుతుంది. కాబట్టి పొద్దున రాసుకున్నామని చికిత్స మానుకోనక్కర్లేదు, అలాగని వెన్నలా పూసుకుని బల్ల ఎక్కకూడదు.

యంత్రం తేడా కూడా గమనించండి. కోబాల్ట్ యంత్రం కిరణాల పూర్తి మోతాదు చర్మం కింద అర సెంటీమీటరులోనే చేరుతుంది, 6 మెగావోల్టుల లీనియర్ యాక్సిలరేటర్‌లో సుమారు ఒకటిన్నర సెంటీమీటరు లోతున చేరుతుంది. కోబాల్ట్ మీద చికిత్స పొందుతున్నవారికి పైచర్మం ఎక్కువ దెబ్బతినే అవకాశం ఉంది కనుక స్టెరాయిడ్ పూతను మొదటి రోజునే అడిగి తీసుకోవడం వారికి మరింత అవసరం.

## రెండో దశ: పొర ఊడి రసి కారుతున్నప్పుడు

ఇక్కడ లెక్క మారిపోతుంది. పైపొర పోయింది కనుక స్టెరాయిడ్ ఆపాలి, అది క్రిములకు దారి ఇస్తుంది. నివారణ పొర అంటించే కాలమూ దాటిపోయింది. ఇప్పుడు కావలసినది తేమను సరైన పాళ్లలో ఉంచడం, కట్టు విప్పేటప్పుడు కొత్త కణాలను పీకకుండా ఉండటం, చీము పట్టకుండా చూడటం.

మన ఆసుపత్రుల్లో ఏళ్లుగా వాడిన ఊదా రంగు మందు జెన్షన్ వయొలెట్. మా పెద్దమ్మకు ఒకచోట చికిత్స జరిగినప్పుడు చంకలో ఇదే పూశారు. రొమ్ముకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు చెయ్యి తల మీదికి ఎత్తి పట్టుకోవాలి కదా, రెండు రోజుల్లో ఎండి నల్లటి పక్కులా మారిన ఆ పూత చెయ్యెత్తిన ప్రతిసారీ నిలువునా పగిలేది, పగులులోంచి రసి జాకెట్టుకు అంటి ఊదా మరకయ్యేది. ఆమె బాధపడింది నొప్పికన్నా ఆ మరకలకే ఎక్కువ. ఈ మందు క్రిములను చంపుతుంది, చాలా చవక, కానీ గాయాన్ని ఎండగడుతుంది. హైడ్రోజెల్‌తో, అంటే నీరు నిండిన జెల్ కట్టుతో, పోల్చిన బ్రిటిష్ పరీక్షలో వెనకబడింది. 2019లో కెనడా ఆరోగ్య శాఖ దీనితో క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని హెచ్చరించింది. ఇంకో దారి ఉన్నప్పుడు దీన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు.

హైడ్రోజెల్ చల్లగా ఉంటుంది, మంట తగ్గిస్తుంది. కానీ బెల్‌ఫాస్ట్‌లో దాన్ని మామూలు పొడి కట్టుతో పోల్చినప్పుడు హైడ్రోజెల్ వాడినవారికి గాయం మానడానికి ఎక్కువ కాలం పట్టింది. అంటే హాయికీ వేగానికీ మధ్య బేరం ఇక్కడ ఉంది. అసలే కొద్దిగా తడిగా ఉన్న, ఎక్కువ నొప్పి పెట్టే చిన్న గాయానికి జెల్ మంచిదే. బాగా రసి కారుతున్న మడతలో జెల్ పెడితే చుట్టూ చర్మం నాని తెల్లబడి ఇంకా ఊడుతుంది. అక్కడ సిలికోన్ అంచున్న మెత్తటి స్పాంజి కట్టు నయం, రసిని పీల్చుకుంటుంది, విప్పేటప్పుడు గాయానికి అతుక్కోదు. నేరుగా గాజుగుడ్డ వేసి ప్లాస్టర్ అంటించడం అన్నింటికన్నా చెడ్డది: ఎండిన గాజుగుడ్డను లాగినప్పుడు రాత్రంతా పుట్టిన కొత్త పొర దానితోనే వచ్చేస్తుంది. అతుక్కుపోతే ఉప్పునీటి సెలైన్‌తో తడిపి నానాకే తీయాలి, ప్లాస్టర్ రేడియేషన్ పడిన చర్మం బయటే అంటించాలి.

సిల్వర్ సల్ఫాడయజీన్, అంటే తెల్లటి "కాలిన పుండ్ల క్రీమ్", మన దగ్గర చవకగా దొరుకుతుంది, క్రిముల భయం ఉన్నప్పుడు వాడుకలో ఉంది. సల్ఫా మందులు పడనివారు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉండటం) ఉన్నవారు దూరంగా ఉండాలి. దీన్ని మందంగా పూసి కప్పేయడం వల్ల డాక్టరుకు కింద గాయం కనిపించదు, కాబట్టి పరీక్ష రోజు కడిగి వెళ్లండి.

ఎవరికి ఏది? ఇంట్లో ఒక్కరే ఉండి, కట్టు తామే మార్చుకోవలసినవారికి అతుక్కోని స్పాంజి కట్టు తేలిక, ఖర్చు ఎక్కువైనా మార్పులు తక్కువ. ప్రతి రూపాయి లెక్క చూసుకోవలసిన కుటుంబానికి సెలైన్ కడగడం, పలుచగా సిల్వర్ క్రీమ్ లేదా వాజలైన్ పూసిన గాజుగుడ్డ, పైన వదులు నూలు గుడ్డ సరిపోవచ్చు. మధుమేహం ఉన్నవారు, కీమోథెరపీతో తెల్ల రక్తకణాలు తగ్గినవారు మాత్రం కట్టు రకం కన్నా ముందు జ్వరం, దుర్వాసన, గాయం చుట్టూ పాకే వేడి వంటి సూచనలనే చూడాలి. అవి కనిపిస్తే పూతల చర్చ ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ దశ గాయం సాధారణంగా చికిత్స ముగిసిన నాలుగు వారాల లోపు చాలావరకు మానుతుంది, ఆ తర్వాత కూడా నోరు తెరుచుకునే ఉంటే అది మూడో దశ వైపు నడుస్తున్నట్టు.

## మూడో దశ: నెలలు, ఏళ్ల తర్వాత

చికిత్స మరిచిపోయే కాలానికి చర్మం బిగుసుకుంటుంది, ముదురు మచ్చలు, సాలెగూడులాంటి సన్నని రక్తనాళాలు కనిపిస్తాయి, చిన్న గీరు కూడా మానదు. కణాలు తక్కువ, రక్తనాళాలు తక్కువ, ఆక్సిజన్ తక్కువ అని 1980లలో రాబర్ట్ మార్క్స్ వివరించిన మూడు లోపాలు ఇవే. ఆక్సీకరణ ఒత్తిడి అసలు రూపం చూపేదీ ఇక్కడే. ఇప్పుడు చంపవలసిన కణితి లేదు కనుక మొదటి దశలో వద్దన్న విటమిన్ ఇ ఇక్కడ పరిశీలనలోకి వస్తుంది.

ఫ్రాన్స్‌లో సిల్వీ డెలానియన్ బృందం 2003లో రక్త ప్రసరణను మెరుగుపరిచే పెంటాక్సిఫిల్లిన్ అనే మందు రోజుకు 800 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ రోజుకు 1000 యూనిట్లు ఆరు నెలలు కలిపి ఇస్తే గట్టిపడిన చర్మం మెత్తబడిందని చూపింది. ఆ తర్వాతి పరిశీలనలో తొందరపడి ఆపినవారిలో మళ్లీ బిగుసుకోవడం కనిపించింది. అంటే రెండు మూడేళ్లు మింగే ఓపిక ఉన్నవారికే ఈ దారి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, మెదడులో రక్తస్రావం జరిగినవారు దీనికి దూరంగా ఉండాలి, కడుపులో వికారం చాలామందికి ఉంటుంది. చేతికి నీరు పట్టిన వాపు కోసం ఇదే జంటను వాడి చూసిన బ్రిటిష్ పరీక్షలో లాభం కనిపించలేదు కనుక, దీన్ని వాపుకు మందుగా కాక బిగుతుకు మందుగా చూడాలి.

రెండో దారి హైపర్‌బారిక్ ఆక్సిజన్, అంటే ఎక్కువ పీడనమున్న గదిలో ఆక్సిజన్ పీల్చడం. 2 నుంచి 2.5 వాతావరణ పీడనంలో, సుమారు 90 నిమిషాల పాటు, 30 నుంచి 40 పూటలు గదిలో కూర్చోవాలి. ఎక్కువ ఆక్సిజన్ అంటే ఎక్కువ రాడికల్స్ కదా అన్న అనుమానం సహజం. ఆ కొద్దిసేపటి ఒత్తిడే కొత్త రక్తనాళాలకు పిలుపు అవుతుందని దీని సిద్ధాంతం. మానని పుండు ఉన్నవారికి, శస్త్రచికిత్సకు ముందు నేలను సిద్ధం చేసుకోవలసినవారికి దీన్ని ఆలోచించవచ్చు. కానీ దవడ ఎముక దెబ్బతినకుండా పన్ను పీకడానికి ముందు ఇచ్చి చూసిన హోపాన్ పరీక్ష 2019లో లాభం చూపలేదు, అంతకు ముందు ముప్పై ఏళ్లుగా అది అలవాటుగా సాగింది. చెవి నొప్పి, కొన్నాళ్ల చూపు మసక మామూలే. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారికి ఇది ప్రాణాంతకం. గది నగరంలో, ఇల్లు ఊళ్లో ఉన్నవారికి నలభై రోజుల బస చికిత్స కన్నా పెద్ద ఖర్చు.

శస్త్రచికిత్స ఆలోచన వచ్చినప్పుడు ఒక తేడా తెలియాలి. రక్తనాళాలు చచ్చిన నేల మీద పలుచని చర్మం అతికించే గ్రాఫ్ట్ చాలాసార్లు నిలవదు. తన రక్తనాళాన్ని వెంట తెచ్చుకునే ఫ్లాప్, అంటే వీపు లేదా కడుపు నుంచి కండతో సహా తిప్పి తెచ్చే చర్మం, నిలుస్తుంది. పుండు అంచులు శుభ్రం చేస్తామని పదేపదే గీకడం, కోయడం ఈ చర్మంలో పుండును పెంచుతుంది, చేస్తే ఒకేసారి ఆరోగ్యమైన కండ దాకా తీసి ఫ్లాప్‌తో కప్పాలి. పుండు లేకుండా బిగుతు, నొప్పి మాత్రమే ఉన్నవారికి సొంత కొవ్వును సూదితో ఎక్కించే పద్ధతి ఉంది. ఇటలీలో రిగొట్టి బృందం 2007లో 20 మందిలో మంచి మార్పు చూపింది, అనుభవం ఉన్న ప్లాస్టిక్ సర్జన్ చేతిలోనే దీనికి అర్థం ఉంటుంది.

ఈ మూడిట్లో దేనికైనా వెళ్లే ముందు ఒక పని తప్పదు. రేడియేషన్ పడిన చోట ఏళ్ల తర్వాత కొత్తగా వచ్చిన పుండు, లేదా రొమ్ము మీద దెబ్బ తగలకుండానే కనిపించే ఊదా మచ్చ, పాత క్యాన్సర్ తిరగబెట్టడమో, యాంజియోసార్కోమా అనే కొత్త రకం క్యాన్సరో కావచ్చు. అది కాదని చిన్న ముక్క తీసి పరీక్షించి తేల్చుకున్నాకే పెంటాక్సిఫిల్లిన్ చీటీ రాయించుకోవడం గానీ, ఆక్సిజన్ గదికి డబ్బు కట్టడం గానీ చేయాలి.